ఇద్దరు అబ్బాయిల ప్రేమకథ ఎలా ముగియాలి? ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన కథ పోయిన వారం అందింది. రెండుసార్లు చదివాను. ఇంటర్మీడియట్ హాస్టల్లో జ్వరంతో సిక్ రూమ్‌లో పడుకున్న స్నేహితుడి కోసం కెమిస్ట్రీ రికార్డు రాసిపెట్టి, మెస్ నుంచి పెరుగన్నం దాచి తెచ్చే ఆ కుర్రవాడు, అమ్మ పంపిన సున్నుండలను మూత మీద ఆమె పేరు చెక్కిన స్టీలు డబ్బాతో సహా అతని చేతికి ఇచ్చేసే ఘట్టం నన్ను చాలాసేపు కాగితాలు పక్కన పెట్టి కూర్చునేలా చేసింది. ప్రేమ అన్న మాటను ఎక్కడా వాడకుండా ప్రేమను చూపించగలిగావు. ఇది నేర్పితే వచ్చేది కాదు, నీకు ఉంది. కానీ ఆఖరి అరపేజీలో తండ్రికి ఉత్తరం దొరకడం, కొడుకు రైలు పట్టాల వైపు నడవడం చదివాక మనసు కష్టపడింది. ఆ చావు నీ కథలోంచి పుట్టలేదు. ఇటువంటి కథలు ఇలాగే ముగుస్తాయని నువ్వు ఎక్కడో విని నమ్మిన నమ్మకంలోంచి పుట్టింది.

ఈమధ్య వస్తున్న గే ప్రేమకథలు, యువ ప్రేమ నవలల్లో ఏవి చదవాలని అడిగావు. జాబితా రాసి పంపితే నీకు పేర్లు మిగులుతాయి తప్ప ప్రయోజనం ఉండదు. అందుకని ముగింపు అనే ఒక్క ప్రశ్నను ముందు పెట్టుకుని, దానికి జవాబు వెతికిన పుస్తకాల గురించి మాత్రమే రాస్తున్నాను.

నువ్వు రాసిన తరహా ముగింపుకు ఒక చరిత్ర ఉంది. 1952లో అమెరికాలో మారిజేన్ మీకర్ అనే యువ రచయిత్రి విన్ ప్యాకర్ అన్న కలంపేరుతో ఇద్దరు కాలేజీ అమ్మాయిల ప్రేమ మీద ‘స్ప్రింగ్ ఫైర్’ రాసినప్పుడు, ఆ ప్రేమ సుఖాంతమైతే తపాలా శాఖ పుస్తకాలను జప్తు చేస్తుందని ప్రచురణ సంస్థవారు ముందే హెచ్చరించారు. అందువల్ల ఆ నవలలో ఒకమ్మాయికి మతి చలిస్తుంది, రెండో అమ్మాయి తాను ఆమెను అసలు ప్రేమించనే లేదని తేల్చుకుంటుంది. అదే ఏడాది పట్రీషియా హైస్మిత్ ‘ది ప్రైస్ ఆఫ్ సాల్ట్’ను క్లేర్ మోర్గన్ అనే మారుపేరుతో ప్రచురించి, ఇద్దరు స్త్రీలను కలిసి బతకవచ్చన్న ఆశ దగ్గర వదిలిపెట్టారు. ఆ పుస్తకం ఆమె అసలు పేరుతో రావడానికి 1990 దాకా పట్టింది. అంటే ఏడుపు ముగింపు చాలాకాలం కళ కోరిన ముగింపు కాదు, అచ్చు కావడానికి చెల్లించిన సుంకం. ఆ సుంకం నిన్ను ఇవాళ ఎవరూ అడగలేదు. అడగకుండానే కట్టేశావు.

ఇంగ్లీషు నవలాకారుడు ఇ. ఎం. ఫార్‌స్టర్ సంగతి మనకు ఇంకా దగ్గరిది. ఆయన 1906లో లాటిన్ పాఠాలు చెప్పిన శిష్యుడు సయ్యద్ రాస్ మసూద్‌ను ప్రేమించారు. మసూద్ ఆ ప్రేమను స్నేహంగానే స్వీకరించారు. ఆ మసూద్ తరువాత నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టరుగా హైదరాబాదులో ఏళ్ల తరబడి పనిచేశారు. 1921 చివర ఫార్‌స్టర్ ఆయన దగ్గరికి హైదరాబాదు వచ్చి ఉన్నారు, 1924లో ‘ఎ పాసేజ్ టు ఇండియా’ను ఆయనకు అంకితమిచ్చారు. ఇద్దరు పురుషుల ప్రేమ మీద ఫార్‌స్టర్ 1913, 1914 సంవత్సరాల్లోనే రాసిన ‘మారిస్’ మాత్రం ఆయన చనిపోయాక 1971లో గాని వెలుగు చూడలేదు. దాని వెనకమాటలో ఆయన సుఖాంతం తప్పనిసరి అని, కల్పనలోనైనా ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకుని కలిసి ఉండిపోవాలని నిశ్చయించుకున్నానని రాసుకున్నారు. ఇద్దరిలో ఒకరిని చంపి ఉంటే ఆ పుస్తకాన్ని బతికుండగానే అచ్చు వేయించుకోవడం సులువయ్యేదని కూడా ఆయనకు తెలుసు. యాభై ఏళ్లకు పైగా ఆ రాతప్రతిని అట్టేపెట్టుకుని దిద్దుకున్నారు గాని సుఖాంతాన్ని వదులుకోలేదు. సుఖాంతం అంటే తేలిక రచన అనుకునే వాళ్లకు నేను ఎప్పుడూ ఈ సంగతే చెబుతాను.

నాకు అంత ధైర్యం లేకపోయింది. ఇరవై మూడో ఏట నేను ప్రేమించిన మనిషిని నా మొదటి కథలో అమ్మాయిగా మార్చి రాశాను. మన భాషలో క్రియకు లింగం ఉంది కనుక ‘వచ్చాడు’ అన్న ప్రతిచోటా ‘వచ్చింది’ అని దిద్దుకుంటూ పోయాను. దిద్దిన ప్రతిసారీ అతని చేతులు, అతని నడక, అతను సిగ్గుపడినప్పుడు మెడ రుద్దుకునే అలవాటు కథలోంచి ఒక్కొక్కటే జారిపోయాయి. కథ అచ్చయింది, బాగుందన్నారు కూడా. అది నా కథ కాదని నాకు ఒక్కడికే తెలుసు. నువ్వు మొదటి కథలోనే ‘వచ్చాడు’ అని రాశావు. ఆ ఒక్క కారణానికే ఈ లేఖ ఇంత పొడుగు రాస్తున్నాను.

ఇక చదవవలసిన వాటిలో మొదటిది బెంజమిన్ అలైర్ సాయెన్జ్ 2012లో ప్రచురించిన ‘అరిస్టాటిల్ అండ్ డాంటే డిస్కవర్ ది సీక్రెట్స్ ఆఫ్ ది యూనివర్స్’. 1987 వేసవిలో, టెక్సస్ రాష్ట్రంలోని ఎల్ పాసోలో, ఈతకొలను దగ్గర పదిహేనేళ్ల మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లిద్దరు కలుసుకుంటారు. ఒకడు రెండోవాడికి ఈత నేర్పుతాడు. కథ అంతకంటే పెద్దగా మొదలవదు. అరిస్టాటిల్ అన్న జైల్లో ఉన్నాడు, ఇంట్లో అతని పేరు ఎవరూ ఎత్తరు, గోడ మీద ఫొటో కూడా ఉండదు. ఒక ఇంటి మౌనం కుర్రవాడి నోటిని ఎలా కట్టేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. అయితే నువ్వు ముఖ్యంగా చూడవలసింది చివరి అధ్యాయాలు. తనకు తెలియనట్టు నటిస్తున్న నిజాన్ని అరిస్టాటిల్‌కు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేది అతని తల్లిదండ్రులే. నువ్వు ఆ కుర్రవాడిని ప్రేమిస్తున్నావు, దానినుంచి పారిపోవద్దు అని వాళ్లే అంటారు. ఇల్లు అంటే శత్రువు అనుకుని రాసే కథలే మన దగ్గర ఎక్కువ. నీ కథలో తండ్రి అరుస్తాడు, కొడతాడు. అటువంటి తండ్రులు ఉన్నారు, కాదనను. మరి డబ్బా మూత మీద తన పేరు చెక్కించుకున్న ఆ తల్లి ఎక్కడ? ఆమె కథంతటిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె మాట్లాడి ఉంటే ఏమయ్యేదో నువ్వు ఆలోచించలేదని నా అనుమానం.

ఆలిస్ ఓస్మన్ బొమ్మల నవల ‘హార్ట్‌స్టాపర్’ పేరు నీకు తెలిసే ఉంటుంది. 2016లో ఇంటర్నెట్లో ధారావాహికగా మొదలై, పుస్తకాలుగా వచ్చి, 2022లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్ అయింది. తియ్యగా ఉందని కొందరు పెద్దలు దాన్ని పక్కన పెడతారు. ఆ తీర్పు తొందరపాటుతో ఇచ్చినదని నేను అనుకుంటాను. నిక్, చార్లీ ఒకరికొకరు మనసు విప్పి చెప్పుకోవడంతో ఆ కథ అయిపోదు, నిజానికి అక్కడినుంచే మొదలవుతుంది. చార్లీకి తిండి విషయంలో మానసిక అనారోగ్యం ఉంటుంది, తనను తాను గాయపరచుకుంటాడు. ప్రేమ దొరికినంత మాత్రాన అది నయం కాదు. ఆసుపత్రిలో ఉండి చికిత్స తీసుకోవలసి వస్తుంది, ఆ భారమంతా తానొక్కడే మోయలేనని నిక్ నేర్చుకోవలసి వస్తుంది. చీకటిని దాచకుండా వెలుగు చూపించడం ఎలాగో అందులో ఉంది. మరొక మాట, చార్లీ పాత్ర మొదట ఓస్మన్ 2014 నాటి తొలి నవలలో కథానాయిక తమ్ముడిగా ఒక పక్కన కనిపించిన పాత్ర. వదిలిపెట్టిన పాత్రల దగ్గరికి తిరిగి వెళ్లడం తప్పేమీ కాదు.

దుఃఖాంతాలు రాయవద్దని నేను చెప్పడం లేదు. డగ్లస్ స్టువర్ట్ 2022లో రాసిన ‘యంగ్ మంగో’ చదువు. గ్లాస్గోలోని పేదల ఇళ్ల మధ్య ఒక ప్రొటెస్టెంట్ కుర్రవాడు, పావురాలు పెంచే ఒక కేథలిక్ కుర్రవాడు ప్రేమించుకుంటారు. అందులోని హింసకు పేదరికం, మతవైరం, తాగుడు, మగతనం గురించిన పిచ్చి నమ్మకాలు అన్నీ మొదటి పుటనుంచీ కారణాలుగా పేరుకుంటూ వస్తాయి. నీ కథలో అటువంటి లెక్క కనబడదు. హాస్టల్లో ఇద్దరు తెలుగు కుర్రాళ్లు కలిస్తే ఇంటిపేరు, ఊరిపేరు అడిగిన అయిదు నిమిషాల్లో ఒకరి కులం ఒకరికి తెలిసిపోతుంది. నీ కుర్రాళ్లకు కులమే లేదు. తండ్రి కోపంలో కొడుకు ప్రేమించినది అబ్బాయిని అన్నది ఎంత, ఏ ఇంటి అబ్బాయిని అన్నది ఎంత? ఇది తేలకుండా ఆ చెయ్యి ఎందుకు లేచిందో పాఠకుడికి తెలియదు.

మన దేశపు భాషల్లోంచి రెండు పుస్తకాలు తప్పక చదువు. సచిన్ కుండల్కర్ మరాఠీలో 2006లో ప్రచురించిన ‘కోబాల్ట్ బ్లూ’లో ఇంట్లో అద్దెకు దిగిన ఒకే మనిషిని అన్న తనయ్, చెల్లెలు అనుజ ఇద్దరూ ప్రేమిస్తారు. తనయ్ భాగమంతా వెళ్లిపోయిన ఆ మనిషిని ‘నువ్వు’ అని సంబోధిస్తూ సాగుతుంది. వసుధేంద్ర కన్నడంలో 2013లో తెచ్చిన ‘మోహనస్వామి’ కథలు మనకు మరీ చుట్టాల వంటివి. రచయిత బళ్లారి జిల్లా సండూరు వాడు, ఆ కథల్లోని వంటిల్లు, దైవభక్తి, ఎగతాళి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మనం ఎరిగినవే. రెండూ ఇంగ్లీషు అనువాదాల్లో దొరుకుతాయి. వీలైతే శంతను భట్టాచార్య 2025 నాటి ‘డీవియంట్స్’ కూడా చూడు. ఒకే కుటుంబంలో మూడు తరాల పురుషుల కథ అది.

తరాలు అన్నాను కనుక నీ కథ ఏ ఏడాదిలో జరుగుతోందో కూడా నిర్ణయించుకో. స్వలింగ సంబంధాలను నేరంగా లెక్కించిన 377వ సెక్షన్ మీద 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు వార్త చదివి తాను నేరస్థుడిని కానని ఊపిరి పీల్చుకున్న మనిషి, 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పుతో మళ్లీ నేరస్థుడయ్యాడు, 2018 సెప్టెంబరు 6న మళ్లీ బయటపడ్డాడు. పోలీసులకు చెబుతానని నీ కథలో తండ్రి బెదిరించే మాటకు ఆ తేదీకి ముందు ఒక బరువు, తరువాత మరొక బరువు. 2023 అక్టోబరు 17 నాటి సుప్రీంకోర్టు తీర్పులో స్వలింగ జంటలకు పెళ్లి హక్కు దక్కలేదు కనుక, మన ప్రేమకథలకు అలవాటైన పందిరి దగ్గరి శుభం కార్డు నీకు అందుబాటులో లేదు. దీన్ని నేను రచయితకు దొరికిన పనిగా చూస్తాను. బ్యాచిలర్లకు ఇవ్వబడదు అని రాసిన టు-లెట్ బోర్డుల మధ్య తిరిగి తిరిగి, చివరికి ఒక గది దొరికి, ఇంటి యజమానురాలు ‘మీరిద్దరూ ఏమవుతారు బాబూ?’ అని అడిగిన క్షణం దగ్గర ఒక సుఖాంతం ఉంది. తెలుగులో అది రాయవలసిన వాళ్లు కావాలి.

భాష గురించి రెండు మాటలు. పత్రికలు అలవాటు చేసిన ‘స్వలింగ సంపర్కుడు’ అన్న మాటను నీ కథకుడి నోట రానీయకు. అది మనిషినంతటినీ ఒక శారీరక చర్యకు కుదిస్తుంది. ‘గే’ అన్న మాట కుర్రాళ్లకు తెలుసు, హాయిగా వాడు. ఆ మాటను తిట్టుగా విసిరేవాళ్లు కథలో ఉంటే వాళ్ల నోట అదే రావాలి. ఇద్దరు మగపాత్రలూ ‘అతను’ అయ్యేసరికి నీ మూడో పుటలో ఎవరు ఎవరి నుదురు తాకారో తెలియలేదు. తెలుగు నీకు ‘వాడు’, ‘అతను’ అని రెండు మెట్లు ఇచ్చింది. చెబుతున్న కుర్రవాడికి అందరూ ‘వాడు’ అయి, ఒక్కడు మాత్రం ఎప్పుడో తెలియకుండానే ‘అతను’ అయితే, పాఠకుడు ఆ మార్పులోనే ప్రేమను పట్టుకుంటాడు. మన కుర్రాళ్లు ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకుంటారు. హాస్టలంతా తేలిగ్గా వాడే ఆ పిలుపు ఒకరోజు ఒకడి గొంతులో ఇరుక్కుపోవడం ఏ ఇంగ్లీషు నవలలోనూ సాధ్యం కాదు, నీకు సాధ్యం. క్షేత్రయ్య నాయికగా మారి మువ్వగోపాలుడిని పిలిచాడు కనుక అదంతా మన గే సాహిత్యమేనని వాదించేవాళ్లు తారసపడతారు. అది భక్తి, శృంగార సంప్రదాయం. దాన్ని దానిగానే ప్రేమించు, నీ కథకు సాక్ష్యంగా పిలవకు.

నీ పాత్రలకు పదిహేడేళ్లు. ఆ వయసు పిల్లల ప్రేమను రాసేటప్పుడు శరీర సంబంధాన్ని వర్ణించే పని పెట్టుకోకు. చట్టం సంగతి అటుంచి, రచయితగా పిల్లల పట్ల మనకు ఉండవలసిన బాధ్యత అది. పైన చెప్పిన యువ నవలలు ఒక చెయ్యి పట్టుకోవడంతో ఎంత చెప్పగలిగాయో చూశాక, ఏదో తగ్గిందని నీకు అనిపించదు.

కథ పంపేటప్పుడు నీ పేరు వేయవద్దని, ఇది నీ అనుభవమా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలని అడిగావు. ఏమీ చెప్పనక్కరలేదు. ‘సైమన్ వర్సెస్ ది హోమో సేపియన్స్ అజెండా’ అనే నవలను 2015లో రాసిన బెకీ ఆల్బర్టలీని, నువ్వు గే కుర్రాళ్ల కథలు ఎలా రాస్తావని పాఠకులు ఏళ్ల తరబడి నిలదీశారు. చివరికి తాను బైసెక్సువల్‌నని, అంటే స్త్రీ పురుషులిద్దరి పట్లా తనకు ఆకర్షణ ఉందని, 2020లో ఆమె బహిరంగంగా చెప్పుకోవలసి వచ్చింది. తన రహస్యాన్ని ఇతరులు బయటపెట్టబోతే నలిగిపోయే కుర్రవాడి కథ రాసిన మనిషికే ఆ గతి పట్టింది. ఇంట్లో నీకు ఇంకా పరిస్థితి అనుకూలంగా లేదని రాశావు. కలంపేరు పెట్టుకో, నీ సమయం వచ్చేదాకా దాని వెనకే ఉండు.

సంక్రాంతి సెలవుల్లో మళ్లీ రాయడానికి కూర్చుంటానన్నావు. చివరి అరపేజీ కొట్టేసి, సిక్ రూమ్ తరువాతి ఉదయం నుంచి మొదలుపెట్టు. అమ్మ పేరు చెక్కిన ఆ డబ్బా ఇంకా రెండో కుర్రవాడి ట్రంకు పెట్టెలోనే ఉండిపోయింది, నువ్వు గమనించావో లేదో. పరీక్షలయ్యాక దాన్ని తిరిగి ఇవ్వడానికి అతను వాళ్ల ఊరి బస్సు ఎక్కనీ. తలుపు తీసేది ఆ తల్లే కావాలి. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదని అతను అందులో ఏం పెట్టుకుని వెళ్లాడో, ఆమె మూత తీసి చూసి ఏమందో రాసి పంపు.

ప్రేమతో,
మీ అన్నయ్య