పేషెంట్ తాలూకు వాళ్ళ సంతకం ఉంటే చాలదా?

కావలిలో 20 పడకల నర్సింగ్‌హోం నడిపే డాక్టరు గారు అడిగినవి రెండు. అడ్మిషన్ రోజున కొడుకో అల్లుడో పెట్టిన సంతకం అన్నిటికీ పనికొస్తుందా? రిపోర్టులు బంధువులకు వాట్సాప్‌లో పంపొచ్చా?

పనికిరాదు సార్. పేషెంట్‌కి 18 నిండి, స్పృహలో ఉండి, చెప్పింది అర్థం చేసుకోగలిగితే సంతకం పేషెంట్‌దే కావాలి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. లాపరోస్కోపీతో (పొట్టలోకి కెమెరా గొట్టం పెట్టి చూడటం) పరీక్ష చేయించుకోవడానికి వచ్చిన ఆమెకు, మత్తులో ఉండగా, బయటున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకు ఒప్పుకుంటే ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు కాదనీ, ప్రాణాపాయం లేదు కాబట్టి మెలకువ వచ్చేదాకా ఆగాల్సిందనీ కోర్టు అంది. 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో 'భర్త లేదా భార్య' అన్న మాట చూసుకుని కొందరు ధీమాగా ఉంటారు. ఈ తీర్పు తర్వాత ఆ ధీమా నిలవదు. మన వైపు డాక్టరు మాట్లాడేది మగవాళ్ళతో, కోత పడేది ఆడవాళ్ళకు, చిక్కంతా అక్కడే.

కాగితం ఎక్కడ చెడుతుందంటే, అడ్వాన్స్ కట్టేటప్పుడే నర్సు నాలుగైదు ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించేస్తుంది. 'ఏ చికిత్సకైనా సమ్మతమే' అని ఇంగ్లీషులో అచ్చేసిన ఆ ఫారం దండగ. ఆపరేషన్ పేరు, ఎందుకు, ప్రమాదాలేమిటి, వేరే దారి ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ తెలుగులో రాసి, సర్జనే చెప్పి, తేదీతో పాటు టైము వేయాలి. ఆ టైము మత్తు ఇంజెక్షన్‌కి ముందుది కావాలి. అనస్థీషియాకి, రక్తం ఎక్కించడానికి వేరే కాగితాలు. వేలిముద్ర అయితే చదివి వినిపించి, మీ స్టాఫ్ కాని సాక్షితో సంతకం పెట్టించండి.

అబార్షన్‌కి 18 నిండిన స్త్రీ ఒప్పుకుంటే చాలు, భర్త సంతకం చట్టం అడగదు. ఆమె వివరాలు బయటపెడితే, 2021 సవరణ ప్రకారం ఏడాది దాకా జైలు.

ఆపరేషన్‌కి ముందు 'మామూలుగా' చేసే హెచ్‌ఐవీ పరీక్షకు కూడా 2017 చట్టం కింద చెప్పి ఒప్పించుకోవాలి. కేస్ షీట్ అట్ట మీద ఎర్రసిరాతో పాజిటివ్ అని రాసే అలవాటు మానేయండి. వార్డుబాయ్ నుంచి క్యాంటీన్ దాకా అందరూ చదివేస్తారు. జాగ్రత్తలు పేషెంట్లందరి దగ్గరా ఒకేలా తీసుకుంటే ఆ రాత అవసరమే ఉండదు.

వాట్సాప్ సంగతి. ఎవరికి చెప్పొచ్చో అడ్మిషన్ ఫారంలోనే పేషెంట్ చేత ఒకటి రెండు పేర్లు, నంబర్లు రాయించండి. ఆ నంబరుకే, ఆస్పత్రి ఫోన్ నుంచే పంపండి. ల్యాబ్ టెక్నీషియన్ సొంత ఫోన్ వద్దు. డాక్టర్ల గ్రూపులో ఎక్స్‌రే పెట్టేటప్పుడు పేరు, ఐపీ నంబరు (అడ్మిషన్ నంబరు) కత్తిరించండి. మూలన పేరు అచ్చయి ఉంటుందని చాలామంది చూసుకోరు.

ఒప్పుదల అక్కర్లేనివీ ఉన్నాయి. టీబీ కేసు ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో నమోదు చేయాల్సిందే. 18 లోపు పిల్లల మీద లైంగిక దాడి అని తెలిస్తే పిల్లల రక్షణ చట్టం పోక్సో కింద పోలీసులకు చెప్పాల్సిందే.

ఇంకొకటి, చెన్నైకి రెఫర్ చేసినప్పుడు బిల్లు బాకీ ఉందని ఫైలు ఆపకండి. పేషెంట్ అడిగిన 72 గంటల్లో కాపీలు ఇవ్వాలని 2002 నిబంధనల్లోనే ఉంది. ఇచ్చినట్టు రిజిస్టర్‌లో సంతకం తీసుకోండి.