వైరల్ జ్వరం వచ్చిందని ఇంట్లో అందరూ నన్నే అంటున్నారు.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 46. కీళ్లవాపు జబ్బు రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు కొన్నేళ్లుగా వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ ప్రెడ్నిసలోన్ వేసుకుంటున్నాను. ఒక పెళ్లికి మాస్కు పెట్టుకునే వెళ్లాను. అయినా జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. ‘ఇమ్యూనిటీ తక్కువని తెలిసీ ఎందుకెళ్లావ్’ అంటారని మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేసుకుని, మిగతా మందులన్నీ ఆపేశాను. జ్వరం తగ్గింది కానీ నీరసంగా ఉంది, దగ్గు పోలేదు. తెలిశాక అందరూ నన్నే అంటున్నారు. తప్పు నాదేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఇంట్లోవాళ్ల సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ప్రెడ్నిసలోన్ ఎందుకు ఆపారమ్మా? రోజూ వాడే స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి ఆపకూడదు. ఎక్కువకాలం వాడినవాళ్లలో అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ అనే హార్మోన్‌ను తయారుచేయడం తగ్గించేస్తాయి. జ్వరం వచ్చినప్పుడు శరీరానికి అది మామూలుకన్నా ఎక్కువే కావాలి. సరిగ్గా అప్పుడే మాత్ర మానేస్తే బీపీ పడిపోవచ్చు. కాబట్టి మీ నీరసం వైరస్ వల్లేనని నేను అనుకోలేను. ఈ రోజే మీ డాక్టర్‌తో మాట్లాడండి. వాంతులు, కళ్లు తిరగడం, మగత, ఆయాసం, వీటిలో ఏది ఉన్నా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి, ‘రోజూ స్టెరాయిడ్ వాడేదాన్ని, ఆపేశాను’ అని మొట్టమొదట చెప్పండి.

మెథోట్రెక్సేట్ సంగతి వేరు. ఇన్ఫెక్షన్ ఉంటే కొన్నాళ్లు మేమే ఆపిస్తుంటాం. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

యాంటీబయాటిక్ పేరు రాయలేదు. ఆ స్ట్రిప్ తీసి చూడండి. కోట్రైమోక్సజోల్ అని ఉంటే ఆలస్యం చేయొద్దు. మెథోట్రెక్సేట్‌తో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. నోట్లో పుళ్లు, చర్మంపై కమిలిన మచ్చలు ఉన్నాయేమో గమనించండి. ఎలాగూ రక్తపరీక్ష అవసరం పడుతుంది. అసలు వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. మిగిలిపోయిన మాత్రలు దాచుకునే అలవాటు దయచేసి మానుకోండి.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ మూడు రోజులు. ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో, కోవిడ్ మాత్రలు 5 రోజుల్లోపు మొదలుపెడితే మేలు. అంత విలువైన సమయం మొహమాటంతో పోయింది. అయినా మీలాంటివాళ్లకు ఫ్లూ మందు ఆలస్యంగానైనా ఇస్తుంటాం, అందుకే ఇప్పుడైనా వెళ్లండి. జ్వరం తగ్గిందని ధీమా వద్దు. స్టెరాయిడ్ వాడేవారిలో లోపల న్యుమోనియా ఉన్నా జ్వరం పెద్దగా కనిపించకపోవచ్చు. మెథోట్రెక్సేట్ వల్ల కూడా అరుదుగా ఊపిరితిత్తులు దెబ్బతిని పొడి దగ్గు వస్తుంది. ఛాతీ ఎక్స్‌రే అవసరమా అన్నది మిమ్మల్ని పరీక్షించిన డాక్టరే నిర్ణయించాలి.

ఇక మీ ప్రశ్న. తప్పు మీది కాదు. ఫ్లూ లక్షణాలు మొదలవడానికి ఒక రోజు ముందు నుంచే పక్కవాళ్లకు అంటుకోగలదు. మీ పక్కన కూర్చుని కబుర్లు చెప్పినవారికే తమకు వైరస్ ఉన్నట్టు తెలిసి ఉండదు. మాస్కు ముప్పు తగ్గిస్తుంది, పూర్తిగా ఆపలేదు.

ఈ జవాబు ఇంట్లో చదివి వినిపించండి. మీరు అనే మాటలకు భయపడే ఆవిడ జ్వరం దాచిపెట్టింది. ఆవిడ మీద నిజంగా ప్రేమ ఉంటే మీరూ ఏటా ఫ్లూ టీకా వేయించుకోండి. ఎందుకంటే ఆవిడకు టీకా వేసినా మీ అంత బాగా పనిచేయకపోవచ్చు. మీకు జలుబు చేస్తే ఆ మాట ఆవిడకు ముందే చెప్పి దూరంగా ఉండండి.

కోలుకున్నాక మీ టీకాల గురించి డాక్టర్‌ను అడగండి. ఇంజెక్షన్‌గా ఇచ్చే ఫ్లూ టీకా వేయించుకోవచ్చు, ముక్కులో కొట్టే లైవ్ టీకా (బలహీనపరిచిన సజీవ వైరస్‌తో చేసేది) మీకు పనికిరాదు.