కడుపుతో ఉన్నప్పుడు చేపలు మానాలా, ఒమేగా క్యాప్సూల్స్ కొనాలా?

పాలకొల్లు నుంచి అడిగిన చెల్లెమ్మకి. ఐదో నెలట, వేడి చేస్తాయని అత్తయ్యగారు చేపలు మాన్పించారట, మందుల షాపువాళ్ళేమో ఒమేగా డబ్బా చూపించి "ఇది వాడకపోతే బిడ్డ బుర్ర ఎదగదు" అన్నారట. అప్పట్నుంచీ నిద్ర పట్టట్లేదని రాశారు. ముందు ఆ మాట మనసులోంచి తీసేయండమ్మా. నాకు ఇద్దరు పిల్లలు, పుట్టిల్లు రాజోలు దగ్గర. రెండు కాన్పుల్లో తెలుసుకున్నది చెప్తాను.

బిడ్డ మెదడుకీ కంటి రెటీనాకీ ముఖ్యంగా కావాల్సిన కొవ్వు డీహెచ్ఏ, ఒమేగా-3 రకం. కడుపులో ఉండగా ఆఖరి మూడు నెలల్లో అది బిడ్డ మెదడులోకి ఎక్కువగా చేరుతుంది. పుట్టాక కూడా రెండేళ్ళ దాకా చేరుతూనే ఉంటుంది. ముందు మాయ ద్వారా, తర్వాత చనుబాల ద్వారా మన ఒంట్లోంచే వెళ్తుంది. మీకు ఐదో నెలే కాబట్టి ఏమీ మించిపోలేదు.

మొదటి కాన్పుకి నేను హైదరాబాదులో ఉన్నాను. వేవిళ్ళతో చేప వాసనే పడేది కాదు. మందుల షాపులో చేప నూనె అడిగితే కాడ్ లివర్ ఆయిల్ ఇచ్చారు. రెండు వారాలు మింగాక డాక్టరమ్మగారికి చూపిస్తే అక్కడికక్కడే ఆపించారు. అది చేప కాలేయం నుంచి తీసే నూనె, ఎ విటమిన్ దండిగా ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు ఆ విటమిన్ మోతాదు మించితే బిడ్డకి చేటు. స్కానింగ్‌లో అంతా బాగుందని చెప్పేదాకా నేను పడ్డ బెంగ ఇంకెవరూ పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంకో సంగతి. డబ్బా మీద 1000 అని పెద్ద అక్షరాలతో ఉంటే అది నూనె బరువు. మామూలు చేప నూనె క్యాప్సూల్‌లో డీహెచ్ఏ 120 మిల్లీగ్రాములే, ఈపీఏ అనే మరో ఒమేగా-3 ఇంకో 180. గర్భిణికి రోజుకి కనీసం 200 మిల్లీగ్రాముల డీహెచ్ఏ అందాలంటారు. వెనకవైపు సన్న అక్షరాలు చదవకుండా కొనకండి.

రెండోసారి అమ్మ దగ్గరికి వచ్చేశాను. మా వీధిలోకి అంతర్వేది వైపు నుంచి ఒకావిడ చేపలు తెచ్చేది. వారానికి రెండుసార్లు సముద్రపు చిన్న చేపలు, నూనె కవళ్లో కానాగడతలో తీసుకునేవాళ్ళం. కవళ్లు వంద గ్రాములు తింటే డీహెచ్ఏ, ఈపీఏ కలిపి గ్రాముకి అటూ ఇటూగా వస్తాయి. సముద్రపు నాచులో పుట్టే ఈ కొవ్వు చిన్న చేపలకి తిండి ద్వారా చేరుతుంది. తవుడు తిని పెరిగే మన చెరువు శీలావతి, బొచ్చెల్లో మాంసకృత్తులు బాగానే ఉంటాయి కానీ ఈ కొవ్వు తక్కువ. పులసలో కొవ్వు మెండే, అయినా దీనికోసం పుస్తెలు అమ్ముకోనక్కర్లేదు! వేపుడు కన్నా పులుసు మేలు. చేపలోంచి దిగిన నూనె పులుసులోనే ఉండి అన్నంలోకి వస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలూ అమ్మ నాకు కోడిగుడ్లు ఎక్కువ వండిపెట్టేది.

సొరచేప దగ్గర మాత్రం మా ఇంట్లో పెద్ద వాదన జరిగింది. బాలింతకి పాలు పడాలంటే సొరపిట్టు పెట్టాల్సిందేనని అమ్మ పట్టు. వేటాడి బతికే పెద్ద చేపల ఒంట్లో పాదరసం పేరుకుంటుంది, అది పసిమెదడుకి హాని. కడుపుతో ఉన్నవాళ్ళూ పాలిచ్చేవాళ్ళూ సొర మానాలని అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ జాబితాలోనే ఉంది. అమ్మ నొచ్చుకుంది కానీ, చివరికి కానాగడతలు ఉడికించి, ముళ్ళు తీసి, అదే వెల్లుల్లి, అదే అల్లం వేసి పిట్టు చేసింది. పాలకి ఏ లోటూ రాలేదు.

ఇక బుర్ర సంగతి. ఇన్ని చెప్పి దీన్ని దాచడం తప్పు. వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ వాళ్ళు 2018లో 70 పరిశోధనలు కలిపి చూస్తే, ఒమేగా-3 తీసుకున్న గర్భిణుల్లో నెలలు నిండకముందు కాన్పులు 11 శాతం, 34 వారాల లోపు కాన్పులు 42 శాతం తగ్గాయి. నాకు ఇదే చాలా పెద్ద మేలుగా కనిపిస్తుంది. పిల్లల తెలివిలో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు. ఆస్ట్రేలియాలో దాదాపు 2,400 మంది తల్లుల మీద జరిగిన పరిశోధన 2010లో వచ్చింది. రోజూ 800 మిల్లీగ్రాముల డీహెచ్ఏ వాడినవాళ్ళ పిల్లలకీ వాడనివాళ్ళ పిల్లలకీ 18 నెలల వయసులో తెలివితేటల్లో తేడా కనబడలేదు. కాన్పు తర్వాత తల్లుల దిగులు కూడా తగ్గలేదు. మా పెద్దదానికి లెక్కలు బాగా వస్తాయి, చిన్నాడు మాటకారి. అందులో ఏదీ నేను చేపలకి ముడిపెట్టను. మెదడుకి ఇనుమూ అయోడినూ కూడా కావాలి కాబట్టి, ఐరన్ బిళ్ళలు మానేసి ఒమేగా వెంట పడకండి.

మా తోడికోడలు నీచు ముట్టదు. ఆమె అవిసె గింజల కారప్పొడి, గంగవావిలి కూర తినేది. వాటిలో ఉండేది వేరే ఒమేగా-3, ఒంట్లో అది డీహెచ్ఏగా మారేది కొంచెమే. అందుకని డాక్టరు ఆమెకి నాచు నుంచి తీసిన డీహెచ్ఏ క్యాప్సూల్స్ రాశారు.

అత్తయ్యగారితో ఎదురు మాట్లాడొద్దు. బాలింత పథ్యంలో చేప పెట్టడం మన వైపు ఆవిడ తరానికి తెలిసిందే కదా, అక్కణ్ణుంచి కదపండి. ఈసారి చెకప్‌కి ఆవిడనీ తీసుకెళ్ళి డాక్టరు చేతే చెప్పించండి. ఆ డబ్బా ఇప్పటికే కొనేసి ఉంటే, దాని వెనక డీహెచ్ఏ ఎంత రాసుందో, కాడ్ లివర్ అని ఉందో లేదో చూసి ఇక్కడ పెట్టండి.