సైకిల్ తొక్కితే చేతులు తిమ్మిరెక్కుతున్నాయా? ముందు సీటు చూడండి

ప్రశ్న: నా వయసు 41 ఏళ్లు. ఏడాదిగా వారానికి మూడు నాలుగు రోజులు సైకిల్ తొక్కుతున్నాను. అరగంట దాటేసరికి రెండు చేతుల్లోనూ చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. మొదట్లో చేయి విదిలిస్తే తగ్గిపోయేది, ఇప్పుడు సైకిల్ దిగిన గంటకు గానీ తగ్గడం లేదు. మందపాటి జెల్ గ్లవుజులు కొని వాడినా గుణం కనిపించలేదు. సైకిల్ మానేయవలసిందేనా?

జవాబు: మానేయనక్కరలేదు. అయితే తిమ్మిరెక్కిన చేతిని విదిలించుకుంటూ తొక్కుతూ పోవడం మాత్రం నేటితో ఆపండి. మొదట్లో నిమిషాల్లో తగ్గినది ఇప్పుడు గంట పడుతోందంటే, నరం ఒత్తిడి నుంచి తేరుకోవడానికి మునుపటికంటే ఎక్కువ సమయం తీసుకుంటోందని అర్థం.

ఏ వేళ్లకు తిమ్మిరి వస్తోందో మీరు స్పష్టంగా రాశారు. కారణం తెలుసుకోవడానికి అదే ముఖ్యమైన ఆధారం. చిటికెన వేలికి, ఉంగరపు వేలిలో దాని వైపున ఉన్న సగానికి స్పర్శనిచ్చేది అల్నార్ నరం. మోచేతి వెనుక భాగం గోడకు తగిలినప్పుడు కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది ఈ నరమే. ఇది ముంజేతి గుండా దిగి, మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపున చేతికి తగిలే బఠానీ గింజంత ఎముక పక్కనుంచి, గయాన్ కాలువ అనే ఇరుకు దారిలో అరచేతిలోకి ప్రవేశిస్తుంది. హ్యాండిల్ మీద వాలి తొక్కేటప్పుడు మన బరువు సరిగ్గా ఆ చోటనే పడుతుంది. దానికి తోడు మణికట్టు వెనక్కి వంగి ఉంటే నరం సాగుతుంది, దారి కుదుపులు అదే చోట మళ్లీ మళ్లీ తగులుతాయి. సైకిలిస్టులలో ఈ బాధ వైద్యులకు బాగా తెలిసినదే.

గ్లవుజులు ఎందుకు పని చేయలేదో ఇప్పుడు ఊహించగలరు. అవి బరువును మెత్తబరుస్తాయే తప్ప తగ్గించవు. చేతులున్నది సైకిల్‌ను నడిపించడానికి, బ్రేకు వేయడానికి. శరీరం బరువులో ఎక్కువ భాగం సీటు మీద, పెడళ్ల మీద ఉండాలి. అందువల్ల చేతుల తిమ్మిరికి మందు వెతకవలసింది ముందుగా సీటు దగ్గర అని నా గట్టి నమ్మకం.

సైకిల్‌ను సమతలమైన నేల మీద నిలబెట్టి, పక్కనుంచి సీటును చూడండి. ముందు కొన కిందికి వాలి ఉందా? కూర్చునే చోట నొప్పి తగ్గుతుందని చాలామంది అలా వంచుకుంటారు. అలా వంచినప్పుడు మనిషి తెలియకుండానే ముందుకు జారుతుంటాడు, ఆ జారుడును ఆపుకోవడానికి దారి పొడవునా అరచేతులతో హ్యాండిల్‌ను నెడుతూనే ఉంటాడు. మీ సీటు వాలి ఉంటే ముందుగా సమంగా బిగించండి. ఆ తరువాత ఖాళీగా ఉన్న చదును దారిలో మామూలు వేగంతో వెళుతూ, చేతులు హ్యాండిల్ మీదే ఉంచి, అరచేతుల మీది భారాన్ని ఒక్క క్షణం తేలిక చేసి చూడండి. ఒళ్లు వెంటనే ముందుకు ఒరిగిపోతే బరువు ఇంకా చేతుల మీదే ఉందన్నమాట. అప్పుడు సీటును 5 మిల్లీమీటర్లు వెనక్కి జరపండి. వెనక్కి జరిపితే పెడల్ కొంత దూరమవుతుంది కనుక సీటు ఎత్తును కూడా స్వల్పంగా తగ్గించవలసి రావచ్చు. హ్యాండిల్ మరీ దూరంగా, మరీ కిందికి అనిపిస్తే పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే ముక్క) వేయించుకోవడమో, హ్యాండిల్‌ను కాస్త ఎత్తు చేయించుకోవడమో మంచిది. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, పాత కొలతను చిన్న టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి, రెండు మూడు రోజులు తొక్కిన తరువాతే మరో మార్పు జోలికి వెళ్లండి. అన్నీ ఒకేసారి కదిలిస్తే ఏది మేలు చేసిందో, ఏది మోకాలి నొప్పి తెచ్చిందో తేల్చుకోలేరు.

బ్రేక్ లివర్లను కూడా గమనించండి. హ్యాండిల్ తిన్నగా ఉండే సైకిల్ అయితే, వేళ్లు లివర్ మీద ఉంచినప్పుడు ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలో ఉండాలి. లివర్లు నేలకు సమాంతరంగా ఉంటే మణికట్టు వెనక్కి విరిగినట్టవుతుంది. బోల్టు వదులు చేసి వాటిని కొద్దిగా కిందికి తిప్పడం ఐదు నిమిషాల పని. మోచేతులు బిగదీయకుండా కొంచెం వంచి ఉంచండి, పిడికిలి వదులుగా పట్టండి, కొద్ది నిమిషాలకోసారి చేతులు పట్టుకునే చోటు మార్చండి. టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠ అంకె వరకు గాలి కొట్టనవసరం లేదు. అక్కడ ముద్రించిన హద్దుల్లోనే కాస్త తగ్గిస్తే కుదుపులు బాగా తగ్గుతాయి.

ఇక మీ గ్లవుజులను బోర్లించి, ఎక్కడ అరిగిపోయాయో చూడండి. చిటికెన వేలి కింద, మణికట్టుకు దగ్గరగా ఒకే చోట నునుపెక్కి ఉంటే, బరువు నరం మీద పడిందనడానికి అదే సాక్ష్యం. సరిగ్గా ఆ చోటే మందమైన ముద్ద ఉన్న గ్లవుజు నరాన్ని మరింత నొక్కవచ్చు. నరం వెళ్లే చోట పల్లం వదిలి రెండు వైపులా మెత్త ఉన్నవి నయం.

ఒక వారం సైకిల్‌కు విరామం ఇచ్చి, సర్దుబాట్లు చేసి, ఇరవై నిమిషాలతో మళ్లీ మొదలుపెట్టండి. తిమ్మిరి మరునాటికీ ఉన్నా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైనా ఆలస్యం చేయకుండా వైద్యుడిని కలవండి. ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. బొటనవేలికి, చూపుడు వేలి పక్కకు మధ్య కాగితం పట్టుకుని, ఇంకొకరిని లాగమనండి. కాగితం జారిపోకుండా ఆపడానికి బొటనవేలి కొన కణుపు దగ్గర వంగిపోతే చేతి కండరాలు బలహీనపడ్డాయని అనుమానించాలి. ఈ నరంలోని ఒక శాఖ కండరాలకే వెళుతుంది కాబట్టి, ఏ తిమ్మిరీ లేకుండా బలం మాత్రమే తగ్గే అవకాశమూ ఉంది. ఆ దశలో కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ప్రశ్న: నాకు బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి. సైకిల్ తొక్కని రోజుల్లోనూ రాత్రి నిద్రలో మెలకువ వస్తోంది. కారణం సైకిలేనా?

జవాబు: సైకిల్ ఒక్కటే కాకపోవచ్చునమ్మా. ఆ మూడు వేళ్లవి మీడియన్ నరం లక్షణాలు. మణికట్టు మధ్యలోని సొరంగంలో అది నలిగినప్పుడు రాత్రిళ్లు తిమ్మిరితో మెలకువ రావడం సర్వసాధారణం. మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భధారణ కూడా దీనికి దారితీయగలవు. హ్యాండిల్ మీద మణికట్టు వంగకుండా చూసుకోండి, రాత్రి మణికట్టును తిన్నగా ఉంచే పట్టీ కట్టుకోండి. ఇవి ఉపశమనమే కనుక వాటితో సరిపెట్టుకోకుండా ఈ వారంలోనే వైద్యుడికి చూపించుకోండి. మెడ నొప్పి కూడా ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. మెడలో నరం నొక్కుకున్నా తిమ్మిరి వేళ్లలోనే తెలుస్తుంది.