జనవరిలో క్యోటో: గుళ్లు, తోటలు, చలి

ప్రశ్న: ఒసాకాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి జనవరిలో వెళ్తున్నాం. ఒకరోజు క్యోటో గుళ్లు, తోటలు చూడాలని ఉంది. ఇద్దరికీ అరవై దాటాయి, శాకాహారులం. కొండమీద చలికి వేసుకునే స్వెట్టర్లు సరిపోతాయా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: చాలవు. అక్కడ తెల్లవారుజామున 1, 2 డిగ్రీలు, మధ్యాహ్నం 9 డిగ్రీల దాకా ఉంటుంది. ఒంటికన్నా ముందు ఇబ్బంది పెట్టేవి పాదాలు. మందిరాల్లోకి బూట్లు విడిచి వెళ్లాలి, చెక్క నేల జివ్వుమంటుంది. మందపాటి ఉన్ని సాక్సులు వేసుకొని, ఇంకో జత సంచిలో పెట్టుకోండి. లేసుల్లేని బూట్లయితే మాటిమాటికీ వంగే పనుండదు.

దుకాణాల్లో 'కైరో' అనే వేడి ప్యాకెట్లు అమ్ముతారు. లోపలి ఇనుప పొడి గాలి తగిలి వేడెక్కుతుంది. బూట్లలో గాలి ఆడదు కాబట్టి చేతులకు వాడేవి అక్కడ సరిగా పనిచేయవు, పాదాలకని విడిగా అమ్మేవే కొనండి. అంటించుకునే రకాన్ని బట్టమీదే అంటించాలి, చర్మానికి తగలకూడదు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వాడనే వద్దు, కాలినా తెలియదు.

ఐదింటికల్లా పొద్దుగూకుతుంది. చలికాలంలో చాలా గుళ్లు నాలుగున్నరకే మూస్తారు. అందుకే ఊరికి వాయవ్యాన ఒకే దారిలో ఉన్న కింకకుజి, ర్యోవాంజి, నిన్నాజిలతో సరిపెట్టుకోండి. తూర్పున ఉన్న కియొమిజు కూడా కలుపుకుంటే సగం రోజు బస్సుల్లోనే పోతుంది.

కింకకుజి 9 గంటలకు తెరుస్తారు. 1950లో తగలబడితే 1955లో మళ్లీ కట్టిన బంగారు రేకుల మంటపం అది. చెరువుకు దక్షిణపు గట్టు నుంచి చూస్తాం, శీతాకాలపు వాలు ఎండ నేరుగా దానిమీదే పడుతుంది. అక్కణ్ణుంచి ర్యోవాంజికి నడక 20 నిమిషాలు, 59 నంబరు బస్సూ ఉంది. ఇక్కడి రాళ్ల తోటలో 15 రాళ్లున్నా, వసారాలో ఎక్కడ కూర్చున్నా ఒకటైనా చాటున ఉండిపోతుంది. తొందరపడకండి, కూర్చొని చూడవలసిన తోట ఇది. నిన్నాజికి మరో పది నిమిషాల నడక.

భోజనానికి యుదోఫు మంచిది: కొంబు అనే సముద్రపు నాచు వేసిన నీళ్లలో కాచిన టోఫు, అంటే సోయా పనీర్. నంజుకునే పులుసులో మాత్రం ఎండుచేప రసం కలిపి ఉండొచ్చు. 'శాకాహారం' అని ఊరుకోకుండా 'కత్సువో (ఆ చేప పేరు) లేకుండా' అని అబ్బాయి చేత అడిగించండి.

జనవరి 1 నుంచి 3 వరకు మాత్రం వద్దు. గుళ్లు కిటకిటలాడతాయి, భోజన హోటళ్లు చాలావరకు మూసేసి ఉంటాయి.

ప్రశ్న: జపాన్ తోటల ఫొటోల్లో చెట్లకు గొడుగులా తాళ్లు కడతారెందుకు?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: దాన్ని యుకిత్సురి అంటారు. జపాన్ పశ్చిమ తీరాన ఉన్న కనజావా ఊరి వైపు సముద్రపు తేమతో కురిసే మంచు బరువుగా ఉంటుంది, దేవదారు జాతి చెట్ల కొమ్మలు విరిగిపోతాయి. అందుకని నడిమధ్య నిలువు గుంజ పాతి, దాని కొస నుంచి కొమ్మకొమ్మకూ తాడు లాగి కడతారు. ఆ ఊళ్లోని కెన్రోకుయెన్ తోటలో ఈ పని ఏటా నవంబరు 1న మొదలవుతుంది, మార్చిలో విప్పేస్తారు. అక్కడ కరసాకి అనే పైన్ చెట్టు ఒక్కదానికే దాదాపు 800 తాళ్లు పడతాయి.