కబ్ పిల్లల చరణ్ బ్యాడ్జీలు: ఇంట్లో ఎంతవరకు నేర్పించవచ్చు?

రెండో తరగతి చదువుతున్న మీ అబ్బాయి పాలకొల్లు దగ్గరి బడిలో కబ్‌గా, అంటే స్కౌట్స్‌లోని చిన్నపిల్లల దళంలో, చేరాడనీ, తనతో పాటు చేరిన ముగ్గురికి ప్రథమ చరణ్, అంటే మొదటి మెట్టు, బ్యాడ్జీ వచ్చి తనకు రాలేదని ఏడుస్తున్నాడనీ, వారం రోజులు కూర్చోబెట్టి అన్నీ కంఠస్థం చేయించి పరీక్షకు పంపవచ్చా అనీ అడిగారు. అమలాపురం వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో పదకొండేళ్లు కబ్ మాస్టరుగా పనిచేసిన అనుభవంతో జవాబిస్తున్నానమ్మా. నేర్పించండి, కానీ కంఠస్థం చేయించవద్దు, తేదీ పెట్టుకోవద్దు.

మెట్ల సంగతి ముందుగా చెబుతాను. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో అయిదు నుంచి పదేళ్ల వయసు మగపిల్లలు కబ్స్, ఆడపిల్లలు బుల్‌బుల్స్. కబ్‌కు ప్రవేశ్ తరువాత ప్రథమ, ద్వితీయ, తృతీయ, చతుర్థ చరణ్‌లు, బుల్‌బుల్‌కు ప్రవేశ్ తరువాత కోమల్, రజత్, స్వర్ణ, హీరక్ పంఖ్‌లు వరుసగా వస్తాయి. వాటిపైన ఇద్దరికీ ఉన్నది గోల్డెన్ ఆరో. మీ అబ్బాయికి పదేళ్లు నిండేలోగా ఇంకా మూడేళ్ల వ్యవధి ఉంది. ఒక మెట్టు దగ్గర నాలుగు నెలలు ఎక్కువ ఆగినందువల్ల పై మెట్లేవీ చేజారిపోవు.

ఈ బ్యాడ్జీల పరీక్షల్లో పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది తాడు ముడుల దగ్గర. రెండు కొసలను కలిపే రీఫ్ నాట్‌కు ఒకే లావున్న రెండు కొసలు కావాలి. కుడి కొసను ఎడమదాని మీదుగా తిప్పి, ఆ తరువాత ఎడమ కొసను కుడిదాని మీదుగా తిప్పితే ముడి చదునుగా కూర్చుంటుంది. రెండుసార్లూ ఒకే వైపు తిప్పితే కొసలు అడ్డంగా నిలబడి, లాగగానే జారిపోతుంది. బొమ్మ చూపించి వారాల తరబడి చెప్పినా అర్థం కాని ఈ తేడా, ఒక చేతికి కొబ్బరి పీచు తాడు, రెండో చేతికి అంతే లావున్న తెల్లని నూలు తాడు ఇచ్చిన రోజున మా పిల్లలకు ఒక్క పూటలో తెలిసిపోయింది, ఎందుకంటే ఏ కొస ఎటు వెళుతోందో వాళ్ల కంటికే కనిపించింది. రెండు తాళ్ల లావుల్లో తేడా ఉంటే రీఫ్ నాట్ నిలవదు, షీట్ బెండ్ వేయాలి. ఈ మాట నోటితో చెప్పకుండా, రేవులో పడవను కట్టే మోకును, ఒక సన్నని తాడును చేతికిచ్చి కలపమన్నాను. ముడి జారినప్పుడు ఎందుకు జారిందని వాళ్లే అడిగారు.

మా దళంలో ఒక కుర్రవాడికి క్లోవ్ హిచ్ అనే పేరు ఎంతకూ నోరు తిరిగేది కాదు, అందువల్ల ఆ ముడి తనకు రాదనే అనుకునేవాడు. ఒక సాయంత్రం వాళ్ల పశువుల పాక ముందునుంచి వెళుతూ చూస్తే, దూడ పలుపును గుంజకు చుట్టి సరిగ్గా ఆ ముడినే వేస్తున్నాడు, అదీ పక్కనున్న చెల్లెలితో మాట్లాడుతూ, చేతివైపు చూడకుండా. మన కోనసీమలో, పశ్చిమ డెల్టాలో పిల్లల చుట్టూ తాడు పని ఎంతో ఉంది. మీ ఇంట్లో తాతగారో, పాలు పోసే ఆయనో ముడి వేస్తున్నప్పుడు అబ్బాయిని పక్కన నిలబెట్టండి, వారం రోజుల కంఠస్థం కంటే అది ఎక్కువ పని చేస్తుంది. కాలువ గట్టు మీదికి మాత్రం పెద్దల తోడు లేకుండా పంపవద్దు, వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లోనైనా సరే.

కంఠస్థం వద్దని ఇంత గట్టిగా చెప్పడానికి నేను చేసిన తప్పే కారణం. ఒక ఏడాది బడికి పై అధికారులు వస్తున్నారని, ఒకే వారంలో తొమ్మిది మంది పిల్లలకు పరీక్షలు పూర్తయినట్లు సంతకాలు పెట్టాను. నెల తిరగకముందే ఆటస్థలంలో ఒకడు పడి మోచేయి చీరుకుపోతే, కట్టు గుడ్డ కొసలు ముడి వేయడానికి ఆ తొమ్మిది మందిలో ఒక్కరికీ చేతకాలేదు. మరునాడు వాళ్లలో ఒక బాబు నా బల్ల దగ్గరికి వచ్చి, తన చొక్కా మీది బ్యాడ్జీ చూపించి, “మాస్టారూ, నాకు ముడి రాదు కదా, ఇది తీసేయమంటారా?” అని అడిగాడు. తీయవద్దని చెప్పి, ఆ తొమ్మిది మందికీ మొదటి నుంచి మళ్లీ నేర్పాను. బ్యాడ్జీ అంటే ఏమిటో నాకంటే ఆ పిల్లవాడికే బాగా తెలుసని అప్పటి నుంచీ నమ్ముతున్నాను.

కబ్ ప్రతిజ్ఞలో ఉన్నది శక్తి మేరకు పాటుపడతాననే మాట. ఆ కొలత పిల్లవాడి సొంత శక్తే అయినప్పుడు, పక్క పిల్లవాడి చొక్కా మీద ఏముందన్న ప్రశ్నకు ఇక్కడ చోటు లేదు. ఈ మాట అబ్బాయికి మీరే నెమ్మదిగా చెప్పాలి. అదే ప్రతిజ్ఞలో రోజుకొక మంచి పని చేయాలని కూడా ఉంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి లంకలు మునిగినప్పుడు, బడి తిరిగి తెరిచాక ఎవరేం చేశారో చెప్పమన్నాను. ఒకడు నాయనమ్మ మందుల సంచిని అటక మీదికి అందించాడు. పలుపు ముడి వేసిన ఆ కుర్రవాడు నీళ్లు పాకలోకి రాకముందే దూడను విప్పి, తండ్రి వెంట ఏటిగట్టు మీదికి తోలుకుపోయాడు. ఆ ఏడాది ధవళేశ్వరంలో మొదటి వరద హెచ్చరిక నీటిమట్టం 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు ఇస్తారని పిల్లలందరూ నేను చెప్పకుండానే నేర్చుకున్నారు.

ఇక మీరు చేయవలసింది: అబ్బాయికి ఏ అంశాలు పూర్తయ్యాయో, ఏవి మిగిలాయో వాళ్ల కబ్ మాస్టరును, అంటే పిల్లలు అకేలా అని పిలిచే వారిని, వివరంగా అడగండి. సాధారణంగా మిగిలేవి రెండు మూడే ఉంటాయి. వాటిలో గోళ్లు, పళ్లు, దుస్తుల శుభ్రత వంటివి ఉంటే అవి ఇంట్లో మీ చేతిలోని పనులు, రోజూ చేయించండి. ముడులైతే రెండు రకాల తాళ్లు కొనిపెట్టి, రోజుకు పది నిమిషాలు వాడి పక్కన మీరు కూడా కూర్చుని వేయండి. తనకు వచ్చిందని వాడే చెప్పిన రోజున పరీక్షకు పంపండి.