మేనేజ్‌మెంట్ సీటు కోసం రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవచ్చా?

ప్రశ్న: మాది జగిత్యాల. మొబైల్ రిపేర్ షాపు ఉంది. షాపు ఖర్చులు పోను నెలకి 42 వేలు మిగుల్తాయి, ఇంటికి 28 వేలు, చిట్టీకి 5 వేలు పోతాయి. బాబుకి ఎప్‌సెట్‌లో 41 వేల ర్యాంకు వచ్చింది, కంప్యూటర్సే కావాలంటున్నాడు. హైదరాబాద్‌లో ఒక కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు ఏడాదికి రెండున్నర లక్షలు, హాస్టల్ నెలకి 8 వేలు. బంగారం మీద 3 లక్షలు, తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు తీసుకుని, లక్ష చిట్టీ కూడా పాడేద్దామనుకుంటున్నా. పాప పదో తరగతి, తనని ఇక్కడే డిగ్రీలో వేస్తాం. నాకు 46 ఏళ్లు, షుగర్ ఉంది. పాలసీలేం లేవు, ఆరోగ్యశ్రీ ఉంది. బాబుకి జాబ్ రాగానే అంతా తీరుస్తాడు కదా, సరేనా?

జవాబు: సరే కాదు. ఈ కౌన్సెలింగ్ సీజన్‌లో అచ్చం ఇలాంటి ఉత్తరాలే వస్తున్నాయి కాబట్టి మీకు చెప్పేది మిగతావాళ్లు కూడా చదువుకోండి.

ముందు మీ లెక్కే చూద్దాం. ఫీజు నాలుగేళ్లకి 10 లక్షలు, హాస్టల్ ఏడాదికి పది నెలలే వేసుకున్నా ఇంకో 3 లక్షల 20 వేలు. బస్సు, పుస్తకాలు, ల్యాప్‌టాప్ నేను కలపట్లేదు. మీరు పోగేసేది బంగారం, అప్పు, చిట్టీ అన్నీ కలిపి ఎనిమిది లక్షల లోపు. అంటే రెండేళ్లు గడుస్తాయి, మూడో ఏడాది ఫీజుకి మీ దగ్గర ప్లానే లేదు, అసలు దాని మాటే ప్రశ్నలో లేదు! రెండు రూపాయలంటే చిన్నగా వినిపిస్తుంది గానీ అది ఏడాదికి 24 శాతం, 4 లక్షల మీద నెలనెలా 8 వేలు, మీకు ఖర్చులు, చిట్టీ పోను మిగిలేది 9 వేలు, చిట్టీ పాడేసినా నెల వాయిదా తప్పదు కదా, ఇక ఆ మిగిలిన వెయ్యితో బంగారం మీద వడ్డీ కట్టాలి, ఏడాదికోసారి రెన్యువల్ చేయించాలి, పిల్లాడికి పాకెట్ మనీ పంపాలి. నాలుగేళ్లలో ఆ 4 లక్షల మీద వడ్డీయే 3 లక్షల 84 వేలు అవుతుంది, అసలు ఒక్క రూపాయి తగ్గదు.

జాబ్ వస్తే తీరుస్తాడంటారా, ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని నెలల తరబడి జాయినింగ్ డేట్ కోసం చూసిన పిల్లలు మీ జిల్లాలోనే ఉంటారు, అడిగి చూడండి. వడ్డీ ఆయన జాయినింగ్ డేట్ దాకా ఆగుతాడా?

అసలు పిల్లల చదువు ఆగేది సీటు దగ్గర కాదు. ఎలాగోలా అప్పోసప్పో చేసి చేర్పిస్తారు, రెండో ఏడాదో మూడో ఏడాదో ఇంట్లో ఒక దెబ్బ తగుల్తుంది. నా దగ్గరికొచ్చిన ఒక టైల్స్ మేస్త్రి బండి మీద నుంచి పడి కాలు విరిగి నాలుగు నెలలు పనికి పోలేదు, కొడుకు థర్డ్ ఇయర్, ఫీజు బాకీ ఉందని హాల్ టికెట్ ఇవ్వలేదు, సెమిస్టర్ పోయింది, ఆ అబ్బాయి డెలివరీ పనిలో చేరి మళ్లీ వెనక్కి రాలేదు. ఆ ఇంట్లో లక్షన్నర పక్కన ఉండుంటే ఇదంతా జరిగేది కాదు. మీ షాపు మీరు కూర్చుంటేనే నడుస్తుంది, ఇంకెవరూ లేరు, నెల రోజులు షట్టర్ దించితే ఏంటి పరిస్థితి?

అందుకని కాలేజీ పేరు కంటే ముందు ఇంట్లో 1 లక్షా 68 వేలు, అంటే ఆరు నెలల ఇంటి ఖర్చు, ఎవరూ ముట్టని అకౌంట్‌లో ఉండాలి, వీలైతే ఒక సెమిస్టర్ ఫీజు కూడా. చిట్టీ ఇప్పుడు పాడకండి, చివరిదాకా ఉంచి వచ్చింది వచ్చినట్టు అందులో వేయండి. ఈలోపు అవసరమొస్తే బ్యాంకులో పెట్టుకోవడానికి ఆ బంగారం ఖాళీగా ఉండాలి, ఫీజుకి పెట్టేస్తే అప్పుడేం పెడతారు?

సీటు సంగతి: కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకుని బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో ఏ బ్రాంచి వస్తే అది, జగిత్యాల నుంచి రోజూ వెళ్లొచ్చే దూరంలో ఉంటే ఇంకా మంచిది. ఈసీఈలో (ఎలక్ట్రానిక్స్) చేరినోళ్లు కూడా కోడింగ్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌కి వెళ్తూనే ఉన్నారు. ఆ సీటుకి బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ అడగండి, 4 లక్షల దాకా తనఖా అడగకూడదు, ఈఎంఐ కోర్సయిన ఏడాదికి గానీ మొదలవదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఆదాయం తక్కువ చూపించి సర్టిఫికెట్ తీసే ఆలోచన ఉంటే మానేయండి, బీసీలకి టౌన్‌లో పరిమితి 2 లక్షలు, మీది 5 లక్షలు.

పాప గురించి ఒకే లైన్‌లో తేల్చేశారు. అబ్బాయికి 13 లక్షలు, అమ్మాయికి ఇక్కడే డిగ్రీ, ఆ అమ్మాయి ఇంకా పది కూడా రాయలేదు! పాలిటెక్నిక్ డిప్లొమా కోసం పాలిసెట్ రాయించండి, డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ఎంట్రన్స్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, ఖర్చు చాలా తక్కువ.

ఇక ఆరోగ్యశ్రీ. కార్డు ఎలా వచ్చిందో నేనడగను. 2023 డిసెంబర్‌లో పరిమితి 10 లక్షలకి పెంచారు నిజమే, కానీ జాబితాలో ఉన్న చికిత్సలకే, అదీ ఆ పథకంలో ఉన్న ఆసుపత్రుల్లోనే. షాపు మూతపడితే వచ్చే నష్టానికి అది పైసా ఇవ్వదు, మీరే లేకపోతే అసలే ఇవ్వదు. 50 లక్షలకి తగ్గకుండా టర్మ్ పాలసీ, అంటే మీరు పోతేనే ఇంటికి డబ్బొచ్చే జీవిత బీమా తీసుకోండి, కుటుంబానికి ఒక ఫ్లోటర్, అంటే అందరికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా కూడా. 2025 సెప్టెంబర్ 22 నుంచి వీటి మీద జీఎస్టీ కూడా లేదు. షుగర్ ఉందని ప్రీమియం ఎక్కువేస్తారు, ఒక కంపెనీ కాదంటే ఇంకోదాన్ని అడగండి, కానీ ఫారంలో షుగర్ దాచకండి, ఏజెంట్ రాయొద్దన్నా రాయండి, రేపు క్లెయిమ్ రిజెక్ట్ అయితే ఆఫీసుల చుట్టూ తిరిగేది మీ ఆవిడే.